విలేఖరి కుర్చీ చిన్నది కాదు

మన బడుల్లో, కాలేజీల్లో 'మోడల్ యు.ఎన్.' అనే మాట ఇప్పుడు తరచు వినబడుతోంది. ఐక్యరాజ్యసమితి సభను పిల్లలే నమూనాగా జరపడం దాని సారాంశం. ఒక అమ్మాయి బ్రెజిల్ అవుతుంది, ఒక అబ్బాయి ఈజిప్టు అవుతాడు, ఇంకొకరు ఫ్రాన్సు అవుతారు. రెండు మూడు రోజులు వాదిస్తారు, బేరమాడతారు, చివరకు తీర్మానం రాసి ఓటు వేస్తారు. పాశ్చాత్య దేశాల్లో ఇది కొత్త సంగతి కాదు. నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో బడి పిల్లల నమూనా సభ 1968లోనే మొదలైంది. మన హైదరాబాదులోనూ ఇటువంటివి జరుగుతున్నాయి.

ఈ సభలకు పేరిచ్చే పిల్లలంతా దేశం కోసం ఎగబడతారు. భద్రతామండలిలో వీటో ఉన్న అయిదు దేశాల్లో ఒకటి దొరికితే ఇల్లంతా సంబరమే. దేశం దొరకని వారికి 'ప్రెస్ టీము' చూపిస్తారు. అందుకే అది మిగిలిపోయిన వారి బెంచీ అన్న అభిప్రాయం పిల్లల్లోనూ ఉంది, తల్లిదండ్రుల్లోనూ ఉంది. ఈ లెక్క తలకిందుల లెక్క అని నా అభిప్రాయం. మన పిల్లలు ముందుగా కోరుకోవలసింది విలేఖరి కుర్చీనే.

ఎందుకంటారా? ప్రతినిధిగా కూర్చున్న పిల్లవాడు తనకిచ్చిన దేశం వైఖరినే చెప్పాలి. అది తప్పని తోచినా సమర్థించాలి. అందులోనూ నేర్చుకోవలసింది ఉంది, కాదనను. విలేఖరి పని వేరు. అతను ఒక కమిటీలో కూర్చుని అందరి మాటా వినాలి. వేదిక మీద గట్టిగా కేకలేసుకున్న ఇద్దరు విరామంలో వరండాలో ఏం రాజీ కుదుర్చుకున్నారో కనిపెట్టాలి. తీర్మానం ముసాయిదాలో నిన్న ఉన్న వాక్యం ఈరోజు ఎందుకు మాయమైందో అడగాలి. విలేఖరుల సమావేశం పెడితే ప్రతినిధులను నిలదీయాలి. సాయంత్రం గడువులోగా వార్త రాసి ఎడిటరు చేతికివ్వాలి. ఎడిటరు సగం కొట్టేస్తే ముఖం మాడ్చుకోకుండా మళ్ళీ రాయాలి. ఫొటోలు తీసేవారు, కార్టూన్లు గీసేవారు కూడా ఈ జట్టులోనే ఉంటారు. కొన్ని సభల్లో ఒకరికి రాయిటర్స్, ఇంకొకరికి అల్ జజీరా అని పేర్లిచ్చి ఒకే సంఘటనను వేర్వేరు కోణాల నుంచి రాయిస్తారు. అలా రాసిన పిల్లలకు పత్రిక చదివే పద్ధతే మారిపోతుంది. వార్త వెనుక ఎవరు నిలబడి చూస్తున్నారో వారికి తెలిసిపోతుంది.

మన ఇళ్ళలో ఒక ఫిర్యాదు పాతది. జుమా నమాజు అయి బయటికొచ్చాక మసీదు మెట్ల దగ్గర నలుగురు కలిస్తే వినబడే మాటే అది. పత్రికలు మన సంగతి మనల్ని అడక్కుండా రాస్తాయని, టీవీలు ఒకరి నేరాన్ని అందరికీ అంటగడతాయని బాధపడతాం. ఈ బాధలో నిజముంది. మరి మన పిల్లల్లో ఎందరిని ఆ వృత్తి వైపు పంపుతున్నాం? డాక్టరు, ఇంజనీరు, లేదంటే గల్ఫు. ఇవి కాక నాలుగో మాట మన నోట రాదు. న్యూస్‌రూములో మనవాడొకడు లేకపోతే 'ఆ వీధిలోకి వెళ్ళి అడిగొచ్చారా?' అని ప్రశ్నించేదెవరు?

వార్తను పరిశీలించడం మనకు కొత్తగా ఎవరో నేర్పవలసిన విద్య కాదు. ఎవరైనా వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోమని ఖుర్‌ఆన్‌లోని హుజురాత్ సూరా ఆదేశిస్తోంది. హదీసు పండితులు ఒక్క మాట స్వీకరించడానికి ఎవరు చెప్పారు, ఎవరి నుంచి విన్నారు, ఆ చెప్పినవాడు నమ్మదగినవాడేనా అని వరుసగా విచారించేవారు. ఫోనులో వచ్చిన ప్రతి సందేశాన్నీ చదవకుండానే పదిమందికి పంపే మనం ఆ వారసత్వాన్ని ఏం చేసుకున్నాం?

పత్రికా రచన కూడా మనకు పరాయిది కాదు. మౌలానా అబుల్ కలాం ఆజాద్ 'లిసానుస్సిద్ఖ్' పత్రిక ప్రారంభించింది 1903లో. అప్పుడాయనకు పదిహేనేళ్ళు. అంటే నేటి పదో తరగతి పిల్లవాడి వయస్సు. తరువాత 1912లో 'అల్ హిలాల్' పెట్టి బ్రిటిష్ ప్రభుత్వానికి నిద్ర లేకుండా చేశారు. మన హైదరాబాదులో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ రజాకార్ల దౌర్జన్యాన్ని ధైర్యంగా ఎండగట్టి 1948 ఆగస్టులో వారి చేతుల్లోనే ప్రాణం పోగొట్టుకున్నారు. తనవారి తప్పును తానే రాయగలిగినవాడే విలేఖరి. మన పిల్లలు ఇతరుల అన్యాయాన్ని మాత్రమే రాయడం నేర్చుకుంటే అది సగం చదువే.

తల్లిదండ్రుల సందేహాలు నాకు తెలుసు. ఫీజు ఎక్కువంటారు. నిజమే, పెద్ద హోటళ్ళలో జరిగే సభలు సామాన్య కుటుంబాలకు అందవు. కాని నమూనా సభకు కావలసింది ఒక హాలు, దేశాల పేర్లు రాసిన అట్టలు, ఓపికగల ఒక ఉపాధ్యాయుడు. తెలంగాణలో 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలు, ఊళ్ళలోని మన విద్యాసంస్థలు సొంతంగా జరుపుకోలేవా? ఆడపిల్ల పదిమంది మగపిల్లల మధ్య తిరిగి ప్రశ్నలడగడమా అంటారు. రేపు ఆమె ఆసుపత్రిలో, కోర్టులో, రేషన్ ఆఫీసులో తన హక్కు అడగవద్దా? ఉపాధ్యాయుల ఎదుట, మర్యాదగా, నోటు పుస్తకం చేతబట్టుకుని అడగడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఏముంది?

ఇక ఇంగ్లీషు సంగతి. ఇక్కడ నిర్వాహకులకే నా విన్నపం. ఐక్యరాజ్యసమితికి ఆరు అధికార భాషలున్నాయి. అరబ్బీ వాటిలో ఒకటి. నమూనా సభకు మాత్రం ఇంగ్లీషు ఒక్కటే దిక్కు కావడమేమిటి? సభ పత్రికలో ఒక పుట తెలుగుకు, ఒక పుట ఉర్దూకు ఇవ్వండి. తెలుగు మీడియం, ఉర్దూ మీడియం పిల్లలు ఆ జట్టులో చేరడానికి దారి దొరుకుతుంది. అలాగే ఆ పత్రికను నిర్వాహకుల పొగడ్తల కరపత్రంగా మార్చకండి. భోజనం ఆలస్యమైతే అదీ రాయనివ్వండి.

చేరబోయే పిల్లలకు రెండు మాటలు. వెళ్ళేముందు ఒకే సంఘటనపై రెండు మూడు పత్రికలు తెచ్చుకుని పక్కపక్కన పెట్టి చదవండి. ఒకరి మాట రాసుకున్నాక వారికే చదివి వినిపించండి. మీకు నచ్చని ప్రతినిధి మాటను మరింత జాగ్రత్తగా రాయండి.

పెద్దలకు ఒకే మాట. ఈసారి మీ అమ్మాయో అబ్బాయో 'నాకు దేశం రాలేదు, ప్రెస్ టీములో వేశారు' అని చిన్నబుచ్చుకుని వస్తే ఓదార్చకండి. ముబారక్ చెప్పి, ఒక మంచి కలం కొనివ్వండి.