పని చెయ్యనివాడు, పని దొరకనివాడు



ఈ మధ్య మన ఊళ్లలో ఒక వచనం చాలా తేలిగ్గా నోటికొస్తోంది. ఫలానా వాళ్ల అబ్బాయి ఆరు నెలల నుంచి ఖాళీగా ఉన్నాడట అనగానే, పక్కనున్న పెద్దాయన పని చెయ్యనివాడికి తిండి పెట్టొద్దని పౌలే రాశాడు కదా అంటాడు. ఆ అబ్బాయి వాళ్లమ్మ అక్కడే చాప మీద కూర్చుని ఉంటుంది. వచ్చే ఆదివారం ఆమె గుడికి రాదు. ఎందుకు రాలేదని మనం ఇంటికెళ్లి అడుగుతాం!

ఆ వచనం థెస్సలొనీకయులకు రాసిన రెండవ పత్రిక 3వ అధ్యాయం 10వ వచనం. బైబిలు తీసి నెమ్మదిగా చదవండి. పౌలు మాట్లాడుతున్నది పని చెయ్యడం ఇష్టంలేని వాడి గురించి. తర్వాతి వచనంలో వాళ్లెవరో కూడా చెప్పాడు: పని మానేసి పక్కింటి సంగతుల్లో తల దూర్చేవాళ్లు. పని కోసం తిరిగి తిరిగి దొరక్క ఇంటికొచ్చినవాడు ఆ వచనంలో లేడు. అతను మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ఉన్నాడు.

నరసరావుపేటలోనో మాచర్లలోనో పొద్దున్నే కూలీల అడ్డా చూసినవారికి ఆ ఉపమానం విడమరిచి చెప్పక్కర్లేదు. క్యారేజీ పట్టుకుని నిలబడతారు, మేస్త్రీ వచ్చి పదిమందిని ఎంచుకుంటాడు, మిగతావాళ్లు పది గంటలదాకా చూసి వెనక్కి పోతారు. ఉపమానంలో మాత్రం సాయంత్రం ఐదింటికి కూడా కొందరు అక్కడే ఉన్నారు. ఎందుకు ఊరికే నిలబడ్డారని యజమాని అడిగితే, మమ్మల్ని ఎవరూ పిలవలేదన్నారు. ఆయన ఆ మాట నమ్మాడు. నువ్వు సరిగ్గా వెతకలేదనీ, నీ ప్రవర్తన బాగుంటే పిలిచేవాళ్లేననీ అనలేదు. పనిలోకి పంపాడు, పూట గడవడానికి ఒక రోజు కూలీ ఎంత కావాలో అంతా ఇచ్చాడు. గంట పనికి గంట కూలీ ఇస్తే ఆ రాత్రి పిల్లలు పస్తుంటారని ఆయనకు తెలుసు.

మన పల్నాడులో పని ఎందుకు పోతుందో ఒక్కసారి లెక్కేద్దాం. సాగర్ కుడి కాలువకు నీళ్లొస్తే ఒక బతుకు, రాకపోతే ఇంకో బతుకు. నీళ్లొచ్చి పంట పండినా ధర మన చేతిలో లేదు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర ఎంత పడిపోయిందంటే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు ఇరవై వేలు చూసిన రైతులు వీళ్లు. రైతుకు ధర లేనప్పుడు కోతకు కూలీలను పిలవడానికి కూడా వెనకాడతాడు. మన సంఘంలో ఎక్కువమందికి సొంత పొలం లేదు. మార్కెట్ యార్డులో ధర పడితే మన ఆడవాళ్ల చేతిలో కూలీ పడిపోతుంది. ఇందులో ఎవరి బాధ్యత ఎంత? కాయలు కోసే చెల్లెమ్మ సోమరితనమా ఇది?

చదువుకున్నవాళ్ల సంగతీ అంతే. వాలంటీర్లుగా చేసినవాళ్లు 2019 ఆగస్టు నుంచి నెలకు 5,000 రూపాయలకు యాభై ఇళ్లు తిరిగారు. 2024 ఎన్నికల తర్వాత ఆ పనే లేకుండా పోయింది. రాజకీయం నాకొద్దు, మీలో రెండు వైపులవారూ ఉన్నారు. నేనడిగేది ఒక్కటే, ఆ ఐదు వేలతో ఇంట్లో పాల ఖాతా, గ్యాసు బండ నడిపినవాళ్లు ఇప్పుడు దేంతో నడుపుతున్నారో మనలో ఎంతమందిమి అడిగాం? బీఈడీ చేసినవాళ్లకు 2018 డీఎస్సీ తర్వాత 2024లో ఒక నోటిఫికేషన్ వచ్చి రద్దయింది, మళ్లీ 2025 ఏప్రిల్లో 16,347 పోస్టులకు వచ్చింది. అంటే ఏడేళ్లు. ఇరవై నాలుగేళ్లవాడికి ముప్ఫై ఒకటి వచ్చింది.

ఇక్కడిదాకా చదివి, అయ్యగారు మా వైపే మాట్లాడుతున్నారని సంతోషించే తమ్ముళ్లు కొంచెం ఆగండి. గలతీ పత్రిక 6వ అధ్యాయంలో రెండో వచనం ఒకరి భారం ఒకరు మోయమంటుంది. ఐదో వచనం ఎవరి బరువు వారే మోసుకోవాలంటుంది. పక్కపక్కనే ఉన్నాయి. పౌలు గ్రీకులో రాసింది కూడా రెండు వేర్వేరు మాటలే. బండి మోసేంత భారం ఒకటి, భుజాన వేసుకునే మూట ఒకటి. పని పోవడం బండి భారం, అది నీ ఒక్కడిదీ కాదు. పని పోయిన తర్వాత ఏం చేస్తావన్నది నీ మూట.

అవనిగడ్డలో కోచింగ్ ఫీజు కోసం అమ్మ కోతకు పోతుంది. ఒక ఏడు, రెండేళ్లు సరే. నాలుగో ఏడు కూడా అదే జరుగుతుంటే, చదువుకుంటూనే పొద్దునపూట ట్యూషన్లు చెప్పొచ్చు, కొట్టులో లెక్కలు రాయొచ్చు. డిగ్రీ చదివినవాడు ఉపాధి హామీ పనికి పోతే పరువు పోతుందంటారు. అమ్మ పోతే పోని పరువు కొడుకు పోతే ఎలా పోతుందో నాకర్థం కాదు.

ఎలీషా దగ్గరికి వచ్చిన విధవరాలిని చూడండి, రాజుల రెండవ గ్రంథం 4వ అధ్యాయం. ఆమె నోట వచ్చిన మొదటి మాటల్లోనే అప్పు సంగతి ఉంది. అప్పులవాడు నా ఇద్దరు కొడుకుల్ని తీసుకుపోతానంటున్నాడని దాచకుండా చెప్పింది. మనం చివరిదాకా దాస్తాం. పని పోయిన మూడు నెలలకు గానీ భార్యకు చెప్పని మగవాళ్లు ఉన్నారు. రోజూ క్యారేజీ కట్టించుకుని బస్టాండులో కూర్చుని సాయంత్రం ఇంటికెళ్తారు. ఆ మూడు నెలల్లోనే అప్పు పుడుతుంది. ఎలీషా ఆమెను అడిగింది ఇంట్లో ఏముందని. ఆమె ఇరుగుపొరుగు దగ్గర అరువు తెచ్చింది ఖాళీ పాత్రలు, డబ్బు కాదు. నూనె అమ్మి ముందు అప్పు తీర్చమన్నాడు, మిగిలినదానితో బతకమన్నాడు.

మన దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీ మామూలు మాటైపోయింది. లక్షకు నెలకు మూడు వేలు, ఏడాదికి ముప్ఫై ఆరు వేలు. ఉపాధి హామీలో 2025 ఏప్రిల్ నుంచి రోజు కూలీ 307 రూపాయలు ఉండేది. ఆ లెక్కన నూరు రోజులూ ఒక్కటి తప్పకుండా చేసినా 30,700. ఆ నూరు రోజుల ఉపాధి మొత్తం పోసినా లక్ష రూపాయల వడ్డీ తీరేది కాదు. ఈ లెక్క ఇంట్లో పిల్లల చేత గోడ మీద రాయించండి. ఓణీల ఫంక్షనుకు, షామియానాకు, ఫ్లెక్సీలకు అప్పు తెచ్చే ముందు ఒకసారి చూసుకోవచ్చు.

ఫోన్లో వచ్చే లోన్ యాప్ ఇంకా ఘోరం. ఒకదాని వాయిదా కట్టడానికి ఇంకోటి, దానికోసం మూడోది. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ఇది తెలుసుకోండి: పొద్దున ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదని, బంధువులకు, స్నేహితులకు ఫోన్ చేసి పరువు తీయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే తన కింద ఉన్న సంస్థలకు చెప్పింది. ఫొటోలు మార్చి పంపుతామని బెదిరిస్తే 1930కి ఫోన్ చెయ్యండి. చచ్చిపోవాలన్నంత దిగులు పడితే 14416కు చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఏ వేళైనా నా తలుపు కూడా కొట్టొచ్చు. అప్పు తీరే దారులు చాలా ఉన్నాయి, అయిదేళ్లు పట్టినా ఫరవాలేదు.

జాబ్ కార్డు ఉన్నవాళ్లు పని నోటిమాటగా అడక్కండి. కాగితం రాసిచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోండి. పదిహేను రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని 2005 చట్టంలోనే రాశారు. మొదటి ముప్ఫై రోజులకు కూలీలో కనీసం పావు వంతు, ఆ తర్వాత కనీసం సగం. రసీదు లేనివాడు అడిగినట్టే లెక్కలోకి రాదు.

ఇప్పుడు సంఘం సంగతి. 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువులో ఒంగోలు క్లౌ దొర ఏం చేశాడో మన తాతలు చెప్పేవారు. మనం ఇప్పుడు చెప్పుకునేది 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి. దానికి ముందు జరిగింది ఎవరూ చెప్పరు. ఆయన బకింగ్‌హాం కాలువలో సుమారు మూడు మైళ్లు తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్లకు పలుగూ పారా ఇచ్చి, పనికి కూలీ ఇచ్చాడు. ఆయన బోధకులే మేస్త్రీలయ్యారు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు, కూలీ కోసం విశ్వాసంలోకి వచ్చారనే మాట పడకూడదని. ఆ జనాన్ని సోమరులని ఆయన అనలేదు. ఊరికే పోషించనూ లేదు.

మనకు కాలువ కాంట్రాక్టు ఎవరూ ఇవ్వరు. కానీ గుడి ముందు ఆర్చి కట్టడానికి పోగుచేసిన డబ్బు ఉంది. పెద్దలతో ఈ మాట ముందే అన్నాను, కొందరికి నచ్చలేదు, ఇక్కడా అంటున్నాను: ఆర్చి రెండేళ్లు ఆగొచ్చు. ఆ డబ్బుతో పని పోయిన ఇళ్లకు వడ్డీ లేని చేబదులు ఇద్దాం. పేదవాడి దగ్గర వడ్డీ తీసుకోవద్దని నిర్గమకాండం 22వ అధ్యాయంలో ఉంది. కుట్టుమిషన్ బాగుచేయించుకోవడానికో, లైసెన్సు తెచ్చుకోవడానికో, వడ్డీకి పెట్టిన పుస్తెలతాడు విడిపించడానికో ఇవ్వొచ్చు. తీసుకున్నవాళ్లు నెలకు వంద అయినా సరే తిరిగి కట్టాలి. అది వాళ్ల మూట.

ఇంకొక మాట. పని లేని నెలలో అప్పు చేసి దశమభాగం తేవద్దు. విత్తనం విత్తితే నూరంతలు వస్తుందని చెప్పి, తాకట్టు పెట్టిన డబ్బు కానుకగా తీసుకునే సేవకులు ఉన్నారు. నేను ఆ కానుక తీసుకోను. ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చివర చూడండి, మూడో ఏటి దశమభాగం లేవీయుడితోపాటు పరదేశికీ, తండ్రి లేనివాడికీ, విధవరాలికీ కూడా. సేవకుడి కంచంతోపాటు వాళ్ల కంచం కూడా నిండాలని అక్కడుంది. మన స్త్రీల సమాజం గుప్పెడు బియ్యం డబ్బా ఈ నెల నుంచి పాస్టరు ఇంటికి రాదు. అది ఎవరింటికి పోతుందో నాకు, సమాజం అక్కకు తప్ప మూడోవాళ్లకు తెలియదు.

మంగళవారం ప్రార్థన అయ్యాక నేను గుళ్లోనే కూర్చుంటాను. జాబ్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఎవరికెంత బాకీయో రాసిన కాగితం తీసుకుని రండి. భార్యాభర్తలు కలిసి వస్తే మంచిది. రాయడం రానివాళ్లకు మన యవ్వనస్థులు రాసిపెడతారు, వాళ్లలో ముగ్గురు ఇప్పుడు ఖాళీగానే ఉన్నారు.