సంఘమునకు ఏ రంపము?

సంఘము పక్షమున ఒక యంత్ర రంపమును కొని సభ్యులకు బాడుగకు ఇచ్చుట మేలని మన్ననూరు ప్రాంతపు రైతులు పలువురు కోరుచున్నారు. కోరిక సమంజసమైనదే. పశువుల కొట్టమునకు దూలము కావలసినను, బండికి పలక మార్చవలసినను వడ్రంగి రాకకై దినములు లెక్కించుట అందఱికిని అనుభవమే. అయితే ఏ రంపమని యడిగినచో ఎక్కువమంది చైన్‌సా యని పిలుచు గొలుసు రంపమునే చూపుచున్నారు. మొదట కొనవలసినది అది కాదు, చేతితో పట్టి నడుపు చక్ర రంపము అని మా యభిప్రాయము.

ఏ పనిముట్టు ఏ పనికై పుట్టినదో చూడవలెను. గొలుసు రంపము మొద్దులను తుండులు చేయుటకును, చెట్లను పడగొట్టుటకును ఏర్పడినది. చక్ర రంపమన్ననో, కోసి చదును చేసిన కఱ్ఱను కొలతకు తెగకోయుటకు తగినది. 1777లోనే ఇంగ్లండు దేశమున శామ్యూల్ మిల్లరు అను నతడు పొందిన పేటెంటులో చక్ర రంపపు ప్రస్తావన కలదు. చేతి చక్ర రంపము కథ మన రైతులకు నచ్చును. 1920లలో అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నివాసి ఎడ్మండ్ మిషెల్ చెఱకు నరకువారి ప్రయాసమును జూచి, కత్తికి మోటారు తగిలింప యత్నించి, ఆ యత్నము నుండియే ఈ రంపమును రూపొందించెను. జిగ్‌సా యనునది ముఖ్యముగా వంపు కోతలకు. మన పనులలో దాని యక్కఱ స్వల్పము.

ఇక నష్టము సంగతి. నాగలి చాలువలె రంపమునకును చాలు ఉన్నది. ఆ చాలులోని కఱ్ఱ యంతయు పొట్టగును. గొలుసు రంపపు చాలు ఇంచుమించు 7, 8 మిల్లీమీటర్లు; చేతి చక్ర రంపపు చాలు 2, 2.5 మిల్లీమీటర్లు. మొద్దును గొలుసు రంపముతో 25 మిల్లీమీటర్ల పలకలుగా పది కోతలు కోసినచో మూడు పలకల కఱ్ఱ పొట్టులో పోవును. పెరటి వేపను ఇరువది యేండ్లు పెంచినవాడు దీనిని సహింపగలడా? కావున మొద్దును లైసెన్సు గల సామిల్లునకే తోలవలెను. అచ్చటి పట్టీ రంపపు చాలు గొలుసు రంపపు చాలుకంటె చాల సన్నము. మిల్లు నుండి వచ్చిన దుంగలను, పలకలను ఇంటియొద్ద కొలతకు కోసికొనుటకు చక్ర రంపము చాలును. దీనికిని హద్దు కలదు. ఏడుంబావు అంగుళముల బిళ్ళ గలది 60, 65 మిల్లీమీటర్ల లోతు మాత్రమే తెగును; అంతకు మందమైనచో తిరుగవేసి రెండవ వైపు నుండి కోయవలెను. బిళ్ళ పండ్లు క్రింది నుండి పైకి కోయును గనుక కఱ్ఱ మంచి ముఖమును క్రిందికి ఉంచినచో అంచు చీలదు. నిలువు కోతకు 24 పండ్ల బిళ్ళ, అడ్డకోతకు 40 పండ్ల బిళ్ళ కొనిన చాలును. మోటారు ఇంటి సింగిల్ ఫేజు కరెంటుతో నడచును. సన్నని తీగను చాల దూరము లాగి నడిపినచో ఓల్టేజి పడిపోయి మోటారు మాడును.

చక్ర రంపము సాధువని మేము చెప్పుట లేదు. దూలమును రెండు పీటలపై నిలిపి నడుమ కోసినచో అది క్రుంగి బిళ్ళను బిగించును. రంపము వెనుకకు ఎగిరి మనిషిపైకి వచ్చును. పూర్వము గుంటపై మొద్దు నిలిపి క్రింద నొకడు, పైన నొకడు లాగి కోసిన కోతగాండ్రు చాలు మూసికొనకుండ చీలిక దిగగొట్టెడివారు. ఆ తెలివియే నేడును కావలెను. తెగు తునక తానే జాఱిపడునట్లు ఊత ఉంచవలెను. బిళ్ళను కప్పు క్రింది రేకును పని త్వరపడుటకై తీగతో పైకి కట్టివేయువారు కలరు. అట్టివారికి సంఘపు రంపము ఈయరాదు. గొలుసు రంపమున మొన పైభాగము కఱ్ఱకు తగిలినచో కోయువాని ముఖముపైకే లేచును. నేర్పు లేనివాని చేతికి అది బొత్తిగా తగదు.

వీనికంటెను చెడ్డది యొకటి ఊళ్ళలో వ్యాపించినది. ఇనుము అరగదీయు చేతి గ్రైండరునకు కఱ్ఱకోత బిళ్ళ బిగించుట! నిమిషమునకు సుమారు 11,000 చుట్లు తిరుగు ఆ యంత్రమునకు కఱ్ఱపై ఆనుటకు పీఠము లేదు, బిళ్ళను మూయు రేకు లేదు. కొన్ని వందల రూపాయల ఆదాకై వ్రేళ్ళను పందెమొడ్డుట యేల?

మనకు మఱియొక విచారము కలదు. మన్ననూరు నల్లమల వాకిట నున్న గ్రామము. 2014లో రాష్ట్రము వేఱుపడిన పిమ్మట అమ్రాబాదు పులుల అభయారణ్యముగా ఏర్పడిన అడవి మన గట్ల దాక వచ్చును. అచ్చట గొలుసు రంపపు రొద వినబడుటయే అనుమానమునకు చాలిన కారణము. అక్రమముగా నరికిన కలపతోపాటు పనిముట్లను సయితము స్వాధీనము చేసికొను అధికారము అటవీ శాఖకు కలదు. ఒక సభ్యుని దుడుకువలన అందఱి సొమ్ముతో కొన్న యంత్రము పోవును. సొంత పట్టా భూమిలోని చెట్టునకైనను 2002 నాటి వాల్టా చట్టము క్రింద అనుమతి కావలెనో అక్కఱలేదో ముందే విచారింపవలెను.

కావున తొలుత రెండు బిళ్ళలతోను, కండ్లద్దములతోను ఒక చక్ర రంపమును కొనుట యుక్తము. పంచె చెఱగు, భుజముపై తువాలు వ్రేలాడు వానికి దానిని అప్పగింపరాదు. గొలుసు రంపము పిదప కావలసివచ్చినచో, దానిని నేర్చిన మనిషితోగూడ పంపవలెను గాని యంత్రమును మాత్రమే ఈయరాదు. అడిగిన సభ్యుడు అవసరమైన అనుమతి పత్రమును ముందు చూపవలెను. బాడుగ నిర్ణయమునకు మునుపు సభ్యులు తమ తమ కోత పనులెట్టివో, ఏ కఱ్ఱయో, ఎంత మందమో వ్రాసి కార్యదర్శికి అందజేయుదురు గాక.