షుగర్‌ అంకె మార్కు కాదు

‘ఇంతుందేంటి? మళ్లీ ఏం తిన్నావ్‌?’ టైప్‌-1 మధుమేహం ఉన్న పిల్లల ఇళ్లలో గ్లూకోమీటర్‌ చూడగానే తరచూ వినిపించే మాట ఇది. అమ్మ పిల్లాడిని గద్దిస్తుంది. నాన్న అమ్మను తప్పుపడతాడు. ‘మా వంశంలో ఎవరికీ లేదు’ అంటుంది నానమ్మ. ఇదంతా పిల్లల ఎదుటే. ‘నా వల్లే ఇంట్లో గొడవలు’ అనుకోవటానికి వారికి ఎంతోసేపు పట్టదు.

ముందు ఇంటిల్లిపాదీ తెలుసుకోవాల్సిందొకటుంది. ఈ జబ్బు మిఠాయిలు తింటే వచ్చింది కాదు. రోగనిరోధక వ్యవస్థ పొరపాటున క్లోమంలోని బీటా కణాలను దెబ్బతీయటం వల్ల ఇన్సులిన్‌ తయారీ ఆగిపోతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. షుగర్‌ పెరగటానికి తిండి ఒక్కటే కారణమూ కాదు. జ్వరం, పరీక్షల ఆందోళన, యుక్తవయసు హార్మోన్లు.. అన్నీ పెంచేవే. ఇంట్లో అరుపులు కూడా! ఒత్తిడిలో విడుదలయ్యే అడ్రినలిన్‌, కార్టిసాల్‌ వంటి హార్మోన్లు కాలేయం నుంచి మరింత గ్లూకోజు రక్తంలోకి వచ్చేలా చేస్తాయి. ఇన్సులిన్‌ ప్రభావాన్ని తగ్గిస్తాయి.

అంతకన్నా పెద్ద నష్టం దాపరికం. తిట్లకు భయపడే పిల్లలు వేలు గుచ్చుకోకుండానే పుస్తకంలో 120 అని రాసేస్తారు. బడిలో ఇంజెక్షన్‌ మానేస్తారు. ఇన్సులిన్‌ అందకపోతే రక్తంలో కీటోన్లు పెరిగి ప్రాణం మీదికి రావొచ్చు. తప్పుడు అంకెలు చూసి డాక్టరు సరైన మోతాదు నిర్ణయించలేరు. గత రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో అసలు సంగతి బయటపడుతుంది. ఇంట్లో మళ్లీ రభస మొదలవుతుంది.

దీన్ని ఆపాల్సింది పెద్దలే. అంకె ఎక్కువగా ఉంటే ‘ఎందుకు పెరిగింది?’ అని నిలదీయకండి. ‘ఇప్పుడేం చేద్దాం?’ అని అడగండి. నిజం చెప్పినందుకు ఎప్పుడూ తిట్టకండి. బడి నుంచి రాగానే షుగర్‌ గురించి కాకుండా స్నేహితుల గురించి, ఆటల గురించి మాట్లాడండి. పిల్లలు ఉన్నట్టుండి చిరాకుపడితే కోప్పడేముందు పరీక్ష చేయండి. షుగర్‌ పడిపోయినా అలా ప్రవర్తిస్తారు. 70 కన్నా తగ్గితే డాక్టరు చెప్పినంత గ్లూకోజు లేదా పంచదార వెంటనే ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి.

‘పన్నెండేళ్లొచ్చాయి, నువ్వే చూసుకో’ అని వదిలేయటమూ మంచిది కాదు. సూది వాళ్లే వేసుకున్నా పక్కన ఒకరుండాలి. ఆ భారమంతా అమ్మ మీదే పడకూడదు. రాత్రి పరీక్షో, ఉదయం ఇంజెక్షనో నాన్న తీసుకోవాలి. పండగ పూట అందరికీ పాయసం వడ్డించి, ఒక్కరి ముందు ఖాళీ గిన్నె పెట్టొద్దు. ఎంత తినొచ్చో, ఇన్సులిన్‌ ఎలా సర్దుకోవాలో డాక్టరును ముందే అడగండి.

అయినా గొడవలు ఆగకపోతే వచ్చే చెకప్‌లో ఆ సంగతీ చెప్పండి. కౌన్సెలర్‌ సాయం అడగండి. షుగర్‌ అంకెలెంత ముఖ్యమో డాక్టరుకు ఇదీ అంతే ముఖ్యం.