బేరం కాదు, నేరం

ఒక గ్లాసులో ఇంటి కుళాయి నీళ్లు, ఇంకో గ్లాసులో వాటర్ ఫిల్టర్లు అమ్మేవాడు తన మిషన్‌లోంచి పట్టిన నీళ్లు. రెండింటిలోనూ లోహపు కడ్డీలు ముంచి ప్లగ్గు పెడతాడు. కాసేపటికి కుళాయి నీళ్లు తుప్పు రంగుకు తిరిగి పైన తెట్టు కడతాయి. 'ఇన్నాళ్లూ మీరు తాగుతున్నది ఇదేనమ్మా' అంటాడు. ఇంట్లో ఒక్కతే ఉంటున్న పెద్దావిడ హడలిపోయి పెన్షన్ డబ్బులోంచి అడ్వాన్సు తీసి ఇస్తుంది. నిజానికి ఆ రంగు నీళ్లలోని మురికి కాదు. నీళ్లలో సహజంగా ఉండే లవణాల వల్ల కరెంటు పారి, ఇనుప కడ్డీయే కరిగి అలా కనిపిస్తుంది. లవణాలు తీసేసిన నీళ్లలో కరెంటు పెద్దగా పారదు కాబట్టి అవి తేటగా ఉంటాయి. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఉన్నా తాగడానికి పనికొస్తాయని భారత ప్రమాణాల సంస్థ ఎప్పుడో చెప్పింది. ఇల్లిల్లూ తిరిగి ఈ గారడీ చేయించే వ్యాపారికి ఇదంతా తెలియదంటే నమ్మలేం.

'గ్యాస్ అయిపోయింది' అనే ఏసీ మెకానిక్కుదీ ఇదే దారి. ఆ గ్యాస్ వాడేకొద్దీ తరిగేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకుందని అర్థం. లీకు మూయకుండా ఏటా వేసవిలో గ్యాస్ నింపి డబ్బు తీసుకుంటే అది రిపేరు కాదు. డాబా కురుస్తోందని పిలిస్తే సగానికి పైగా ముందే తీసుకుని, పైపైన రెండు పూతలు పూసి పోయినవాడు మొదటి వానకు ఫోనెత్తడు. కొడుకు డాలస్‌లో, కూతురు బెంగళూరులో ఉన్నారని ముందు మాటల్లో రాబట్టి, ఆ తర్వాతే రేటు చెప్పే రకాలివి. నిజాయతీగా పనిచేసే ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు ఎందరో ఉన్నారు. మోసగాళ్ల వల్ల వాళ్ల ముఖం మీదా తలుపులు పడుతున్నాయి.

ఎక్కువ ధర అడగడం నేరం కాదు. పాడవనిదాన్ని పాడైందని నమ్మించి, చేయని పని చేశానని చెప్పి డబ్బు రాబట్టడం మాత్రం నేరమే. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద దానికి ఏడేళ్ల దాకా జైలు ఉంది. ఒకప్పటి 420 ఇదే. వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరం కూడా.

నగలకు మెరుగు పెడతామని వచ్చి, గొలుసును యాసిడ్‌లో ముంచి బంగారం కరిగించుకుపోయే ముఠాల మీద పోలీసులు కేసు కడతారు, సీసీ కెమెరాలు తిరగేస్తారు. అదే ఒక ముసలాయన ఏసీ మెకానిక్ మీద, డాబా మేస్త్రీ మీద ఫిర్యాదు పట్టుకెళ్తే 'ఇది సివిల్ మేటరండీ, కన్స్యూమర్ కోర్టుకెళ్లండి' అనే జవాబు వస్తుంది. అబద్ధమాడి వృద్ధుల సొమ్ము కాజేయడం రెండు చోట్లా ఒకటే. మొదటిది నేరమై, రెండోది బేరసారాల తగాదా ఎలా అవుతుంది? అరెస్టు చేయదగ్గ నేరం జరిగినట్టు ఫిర్యాదులో కనబడితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఫిర్యాదు తీసుకోకుండా తిప్పి పంపే అధికారి మోసగాడికి ఊతమిస్తున్నాడు. ఇంతకంటే మెత్తగా చెప్పడం కుదరదు.

స్టేషన్ చుట్టూ తిప్పుకోవడం మరో అన్యాయం. 60 ఏళ్లు దాటిన పురుషులను, ఏ వయసు మహిళలనైనా సాక్షులుగా విచారించాలంటే పోలీసులే వాళ్ల ఇంటికి వెళ్లాలి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షన్ చెప్పేది అదే.

ఇక పిల్లలు. 'వాడికెందుకు తలుపు తీశావు? నన్నడక్కుండా డబ్బెందుకిచ్చావు?' అని ఫోన్‌లో విరుచుకుపడే కొడుకులు, కూతుళ్లు ఒక సంగతి గ్రహించాలి. ఆ చీవాట్లు తిన్న తల్లి మళ్లీ మోసపోతే మీకు చెప్పదు. మోసగాడు రెండోసారి వచ్చేది ఆ మౌనం చూసుకునే. మీరు చేయాల్సింది అతని ఫోన్ నంబరు, డబ్బు పంపిన వివరాలు, ఊడదీసిన పాత సామాను భద్రం చేయించి ఫిర్యాదు రాయడం. 14567కు ఫోన్ చేస్తే వృద్ధుల హెల్ప్‌లైన్ దారి చూపుతుంది.

పోలీసు కేసుతో పాటు వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు. 2019 చట్టం ప్రకారం మోసపోయిన మనిషి ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలును పెట్టుకోవాలన్న నిబంధనా లేదు, గడువు రెండేళ్లు. రసీదు ఇవ్వలేదు కాబట్టి కేసు నిలవదని భయపెట్టేవాళ్లుంటారు. బిల్లు ఇవ్వకపోవడాన్నే ఆ చట్టం అక్రమ వ్యాపార పద్ధతిగా లెక్కకట్టింది.

అయితే ఈ భారమంతా వృద్ధుల నెత్తిన పెట్టి ప్రభుత్వాలు తప్పుకోవడానికి వీల్లేదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నియమాలు పోలీసుల పనిని విడమరిచి చెప్పాయి. ఒంటరి వృద్ధుల జాబితా ప్రతి స్టేషన్‌లోనూ ఉండాలి. నెలకోసారైనా ఒక పోలీసు వాళ్లింటికి వెళ్లి పలకరించాలి. అడిగితే ఇంట్లో పనికి వచ్చేవాళ్ల పూర్వాపరాలు విచారించి చెప్పాలి. వృద్ధులపై జరిగే నేరాలకు విడిగా రిజిస్టరు పెట్టి, ప్రజలు చూసేందుకు అందుబాటులో ఉంచాలి. ప్రతి నెలా 10వ తేదీలోగా ఎస్పీకి నివేదిక పంపాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ డీజీపీలు ఆ రిజిస్టర్లను స్టేషన్లవారీగా తెప్పించుకోవాలి. 'సివిల్ మేటర్' అని వెనక్కి పంపిన ఫిర్యాదులను కూడా వాటిలోకి ఎక్కించి, ఒక్కోదానిలో ఏ కేసు కట్టారో, ఎంత సొమ్ము తిరిగి ఇప్పించారో జిల్లాలవారీగా ప్రకటించాలి.