ముప్ఫైకి చేరువవుతున్న సైబర్ టవర్స్

హైదరాబాద్‌లోని కొత్తగూడ చుట్టూ లేస్తున్న అద్దాల మేడల పక్కన సైబర్ టవర్స్ ఇప్పుడు పొట్టిగానే కనిపిస్తుంది. పది అంతస్తులే. కానీ ఈ రాళ్లగుట్టల ప్రాంతం ఐటీకి చిరునామా అయింది దానితోనే. ఎల్ అండ్ టీతో కలిసి ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ తలపెట్టిన ఆ భవనాన్ని 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి ప్రారంభించారు. 2028లో దానికి ముప్ఫై ఏళ్లు నిండుతాయి. వైర్లు, లిఫ్టులు, ఏసీ గొట్టాలు, అగ్నిమాపక ఏర్పాట్లు మార్చుకోవాల్సిన వయసది. పడగొట్టేద్దామనే మాట పుట్టే వయసు కూడా అదే.

ఆ మాట ఎంత దూరం పోతుందో హైదరాబాద్ చూసింది. 2020 జులైలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున పాత సచివాలయాన్ని కూల్చారు. అగ్నిప్రమాదం వస్తే రక్షణ లేదని, శాఖలు చెల్లాచెదురుగా ఉన్నాయని ప్రభుత్వం చెప్పింది. అవి నిజమైన ఇబ్బందులే. అయినా జీ బ్లాకుగా పిలిచే 1888 నాటి సైఫాబాద్ ప్యాలెస్‌కూ, 2003లో తెరిచిన డీ బ్లాకుకూ ఒకటే తీర్పా? ఏ బ్లాకు మరమ్మతుకు లొంగుతుందో, దానికెంత ఖర్చవుతుందో విడివిడిగా తేల్చి జనం ముందు పెట్టాల్సింది. 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైన కొత్త సచివాలయం గుమ్మటాలు చూడముచ్చటగానే ఉన్నాయి. జీ బ్లాకు లేని లోటును అవి తీర్చలేవు.

పడగొట్టకుండా బాగుచేసుకునే దారీ ఉంది. న్యూయార్క్‌లో 1931 నాటి ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌ను బాగుచేసినప్పుడు 6,514 కిటికీల్ని పారేయలేదు. ఆ భవనంలోనే వర్క్‌షాపు పెట్టి, పాత అద్దాలు విప్పి, నడుమ పల్చని పొర అమర్చి మళ్లీ బిగించారు. ఇలాంటి పనులన్నీ కలిసి ఇంధన వాడకాన్ని మూడో వంతుకు పైగా తగ్గించాయి.

సైబర్ టవర్స్‌లో కాపాడుకోవాల్సింది దాని గుండ్రని రూపం. నాలుగు భాగాలు వలయంగా నిలిచి నడుమ ఖాళీ జాగా వదిలాయి. మండువా ఇంట్లోలా లోపలి వైపు గదులకూ వెలుతురు అందుతుంది. ఆ జాగాను మూసేసి అద్దెకిచ్చే చదరపు అడుగులు పెంచుకోవాలనే ఆశ ఎవరికైనా కలగవచ్చు. దాన్ని మాత్రం ఒప్పుకోకూడదు.

రాష్ట్ర ప్రభుత్వం ఇప్పుడే దీనికి వారసత్వ కట్టడాల జాబితాలో చోటివ్వాలి. కట్టడం పటుత్వాన్ని స్వతంత్ర ఇంజినీర్లతో పరీక్ష చేయించి, నివేదికను తెలుగులోనూ బయటపెట్టాలి. లిఫ్టులు, ఏసీలు, వైర్లు ఎన్నైనా మార్చుకోవచ్చు. వలయాన్నీ, నడిమి జాగానూ ముట్టుకోబోమని 2028 లోపే రాతపూర్వకంగా చెప్పాలి.