కారణం ట్రేలోనే ఉంది

కుందేలుకు నీళ్లు పెడితే చచ్చిపోతుంది. కుందేలు పిల్లల్ని అమ్మే చోట ఈ మాట ఇప్పటికీ వినపడుతుంది. ఆకుల్లో ఉన్న తేమే చాలునట. నీళ్లు తాగితే పారుకుంటుందట, ఇల్లంతా ఉచ్చ పోస్తుందట. కొన్నవాళ్లు ఆ మాట నమ్మి గిన్నె పెట్టడమే మానేస్తారు. నిజానికి కుందేలు తన బరువులో కిలోకు రోజూ సుమారు 50 నుంచి 150 మిల్లీలీటర్ల నీళ్లు తాగే జంతువు. మన మే నెల ఎండల్లో ఇంకా ఎక్కువే కావాలి. నీళ్లు అందకపోతే పేగుల్లో మేత గట్టిపడి కదలిక మందగిస్తుంది. తిన్న మేతలోని కాల్షియంలో ఎక్కువ భాగాన్ని కుందేలు ఒళ్లు పీల్చుకుని, అవసరానికి మించినదాన్ని మూత్రంలోనే బయటికి పంపుతుంది. అందుకే దాని మూత్రం తెల్లగా, సున్నం కలిసినట్టు ఉంటుంది. నీళ్లు తక్కువైతే ఆ సున్నం మూత్రాశయంలో బురదలా పేరుకుంటుంది. నొప్పితో కుందేలు ఎక్కడ పడితే అక్కడ చుక్కలు చుక్కలుగా పోస్తుంది. అది చూసి ఇంట్లోవాళ్లు, నీళ్లు పెట్టకపోతేనే ఇంత పోస్తోంది, పెడితే ఇంకెంత పోసేదో అనుకుంటారు. నమ్మకం తెచ్చిన జబ్బే ఆ నమ్మకానికి రుజువైపోతుంది.

ఈ నమ్మకం ఎలా నిలబడిందో ఊహించడం కష్టం కాదు. నెల తిరక్కుండానే తల్లి నుంచి విడదీసి అమ్మిన పిల్లలు పేగుల జబ్బుతో కొద్ది రోజుల్లోనే పోతుంటాయి. తల్లిపాలు మానకముందే అమ్మానని ఒప్పుకోవడం కంటే నీళ్ల మీదికి నెట్టడం అమ్మినవాడికి తేలిక.

కుందేలు మలమూత్రాలకు పెట్టిన ట్రే వాడటం లేదని బాధపడే ఇళ్లలో కనిపించే నమ్మకాలన్నిటిదీ ఇదే తీరు. ఒక జంతువు ఒళ్లు చెబుతున్నదాన్ని మనం శకునంగానో, పగగానో, పాపంగానో చదువుతాం. అలా చదవగానే వెతకడం ఆగిపోతుంది. నష్టపోయేది కుందేలు.

మనం పెంచేది పొలాల్లో పరుగెత్తే చెవులపిల్లి కాదు. చెవులపిల్లి వన్యప్రాణి, 1972 నాటి వన్యప్రాణుల సంరక్షణ చట్టం దాన్ని పట్టకుండా కాపాడుతోంది. అది బొరియ తవ్వదు, ఒంటరిగా తిరుగుతుంది. పెంపుడు కుందేలు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతపు అడవి కుందేలు సంతతి. అది బొరియల్లో గుంపుగా బతుకుతుంది, పెంటికల్ని కొన్ని నిర్ణీత చోట్ల కుప్ప వేస్తుంది. 1960ల్లో ఆస్ట్రేలియాలో రోమన్ మికిటోవిచ్ అనే శాస్త్రవేత్త ఈ కుప్పల్ని ఓపికగా పరిశీలించాడు. ఆసనం దగ్గరి గ్రంథుల వాసన అంటిన ఆ పెంటికలు గుంపు హద్దుల్ని చెబుతాయని, పెత్తనం చేసే మగవాటిలో ఆ గ్రంథులు పెద్దవిగా ఉంటాయని చూపించాడు. ఇంట్లో సోఫా కాళ్లకు గడ్డం రుద్దడం కూడా ఆ పనే. గడ్డం కింద మరో వాసన గ్రంథి ఉంటుంది.

ఒక మూలకు పోయే అలవాటు కుందేలుకు పుట్టుకతోనే ఉందన్నమాట. మనం నేర్పేది తక్కువ. అది ఎంచుకున్న మూల ఏదో చూసి అక్కడ ట్రే పెట్టడమే సగం పని.

మరి అంతవరకూ శుభ్రంగా ఉన్న పిల్ల నాలుగు నుంచి ఆరు నెలల వయసులో ఉన్నట్టుండి మంచమెక్కి ఎందుకు పోస్తుంది? ఊరెళ్లి వచ్చామని అలిగిందని ఒకరంటారు, కొత్త కుందేలును తెచ్చినందుకు పగబట్టిందని ఇంకొకరంటారు. అది ఈడుకొచ్చింది, హద్దులు గీసుకుంటోంది, అంతే. మనుషుల వాసన దట్టంగా ఉండే చోటు మంచం. కొత్త కుందేలు వస్తే హద్దుల పని రెట్టింపవుతుంది. జంతువు చేసే పనిని సాదా కారణంతో వివరించగలిగినప్పుడు దానికి మనిషి ఆలోచనలు అంటగట్టొద్దని మనస్తత్వ శాస్త్రవేత్త లాయిడ్ మోర్గాన్ 1894లోనే రాశాడు. ఈ నియమం పండితులకు మాత్రమే కాదు, ఇంట్లో మరీ అవసరం. ఎందుకంటే పగ అనుకున్న మరుక్షణం శిక్ష మొదలవుతుంది. కుక్కలకు చేస్తారని విని కుందేలు మూతిని ఉచ్చలో రాస్తారు. చెవులు పట్టి ఎత్తుతారు, చరుస్తారు. కుందేలు ఎముకలు తేలిక, వెనక కాళ్ల కండ బలం చాలా ఎక్కువ. భయపడి ఒక్కసారి గట్టిగా తన్నుకుంటే దాని వెన్నెముకే విరగొచ్చు. కొట్టిన దెబ్బకూ ఎప్పుడో పోసిన ఉచ్చకూ సంబంధం దానికి తెలియదు. మనిషి చేయి అంటే భయం మాత్రం మిగులుతుంది.

తన పెంటికల్ని తానే తింటోందని చూసి దరిద్రం పట్టిందనేవాళ్లున్నారు. కుందేలు రెండు రకాలుగా విసర్జిస్తుంది. ట్రేలో దొరికేవి గట్టి గుండ్రటి పెంటికలు. రెండోవి మెత్తగా, గుత్తిలా, ఘాటు వాసనతో ఉంటాయి. పెద్దపేగు మొదట్లో ఉండే సంచిలో సూక్ష్మజీవులు పులియబెట్టిన మేత అది. ప్రొటీను, బి విటమిన్లు అందులో ఉంటాయి. కుందేలు దాన్ని నేరుగా ఆసనం నుంచే అందుకుని మింగుతుంది. అది తినడం ఆరోగ్యం. తినకుండా నేల మీద వదిలేస్తోందంటేనే ఆలోచించాలి. పిండి పదార్థాలు, క్యారెట్లు, అరటిపండ్లు ఎక్కువయ్యాయో, ఒళ్లు లావై వంగలేకపోతోందో, కీళ్లనొప్పులో.

ఇక ఎర్రటి మూత్రం. ట్రేలో ఎరుపు కనపడగానే గాలి సోకిందని దిష్టి తీసే ఇళ్లున్నాయి. ఆడదైతే ముట్టయిందని తేల్చేస్తారు. కుందేలుకు ముట్టు ఉండదు. జత కలిసినప్పుడే అండం విడుదలవుతుంది. ఆకుల్లోని వర్ణద్రవ్యాల వల్ల మూత్రం నారింజ రంగులోకి, ఎరుపులోకి మారడం మామూలే, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. అయితే మరకంతా ఒకే రంగులో కాక, తెల్లటి మూత్రంలో రక్తపు చారలు, గడ్డలు కనిపిస్తే అది నెత్తురే. గర్భసంచి తీయని ఆడ కుందేళ్లలో గర్భాశయ క్యాన్సర్ చాలా ఎక్కువ. కొన్ని జాతుల్లో నాలుగేళ్లు దాటినవాటిలో సగానికి పైగా దీని పాలవుతాయి. ముట్టు అని వదిలేసిన నెలలే దాని ప్రాణం తీసే నెలలు.

కుందేలును పెంచితే కలిసొస్తుందని వాస్తు పేరుతో చెప్పేవాళ్లు మనకు కొత్త కాదు. ఆ దారిలో నడిస్తే బోను ఏ దిక్కున ఉండాలన్న ప్రశ్న కూడా వస్తుంది. బోను జరిపాక కుందేలు బుద్ధిగా ట్రే వాడటం మొదలుపెట్టిందని చెబితే అబద్ధమని నేననను. జరిపిన రోజే చోటు కడిగి ఉంటారు, కొత్త గడ్డి వేసి ఉంటారు, టీవీ శబ్దానికి దూరమై ఉంటుంది. దిక్కు తప్ప మారినవన్నీ మరిచిపోయాం. 1948లో మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఆకలిగా ఉన్న పావురాలకు, అవి ఏం చేసినా చేయకపోయినా, నిర్ణీత వ్యవధిలో గింజలు అందేలా ఏర్పాటు చేశాడు. ఒకటి గిరగిరా తిరగడం, మరొకటి తల ఊపడం పట్టుకున్నాయి. గింజ రావడానికి ముందు ఏం చేస్తున్నాయో అదే గింజను తెచ్చిందన్నట్టు ప్రవర్తించాయని ఆయన వివరణ. తర్వాతి పరిశోధకులు ఆ వివరణను ప్రశ్నించారు. ప్రశ్నించడానికి వీలుండటమే దాని గొప్ప. వాస్తు చెప్పినాయన తన మాట తప్పని తేలే పరీక్ష ఏదో ఎప్పుడైనా చెప్పాడా?

మనం మాత్రం ఆ పరీక్ష చేయొచ్చు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. కుందేలు నోరు ఆడిస్తూనే విసర్జిస్తుంది. కాబట్టి గడ్డిని ట్రే చివరనో, పైన తొట్టిలోనో పెట్టడం మొదటి మార్పు. దానితోనే చాలా ఇళ్లలో సమస్య సగానికి తగ్గుతుంది. తగ్గకపోతే ట్రే చిన్నదేమో చూడాలి, కుందేలు చాచుకుని కూర్చునేంత ఉండాలి. తీగల అడుగున్న బోనుల్లో ఉచ్చ కిందికి జారిపోతుంది, అరికాళ్లు పుండ్లు పడతాయి, ఒక మూలను తనదనుకునే వీలే ఉండదు. ట్రేలో పిల్లుల కోసం అమ్మే గడ్డకట్టే మట్టి వద్దు, తింటే కడుపులో గడ్డకడుతుంది. దేవదారు, పైన్ రంపపు పొట్టులోని ఆవిరులు కాలేయం మీద పనిచేస్తాయి. కాగితం, దాని మీద ఎండుగడ్డి చాలు. వినాయకుడికి పెట్టే గరిక కూడా దానికి మంచి మేతే. అడుగున పేరుకున్న తెల్లటి గారను వెనిగర్ కరిగిస్తుంది, అది కాల్షియం కార్బొనేట్ మీద ఆమ్లం చేసే మామూలు పని. మంచం మీద పోసిన చోట మాత్రం వాసన మిగలకుండా ఉతకాలి, లేకపోతే అదే దానికి పిలుపు.

వాసనకు సాంబ్రాణి, అగరొత్తులు వెలిగించడం దయచేసి మానాలి. కుందేలు దాదాపుగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటుంది. ఉచ్చలోంచి వచ్చే అమ్మోనియా ఇప్పటికే దాని ముక్కును మండిస్తుంటే పైన పొగ కూడా పెడుతున్నాం.

ఈడుకొచ్చిన కుందేలుకు అసలు వైద్యం పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. ఇక్కడే ఉసురు తగులుతుందనే భయం అడ్డొస్తుంది. సంతానం లేకుండా చేస్తే మనకు సంతానం ఉండదనే మాట ఎంతోమంది మనసులో ఉంది, పైకి అనకపోయినా. కుందేలుకు వంశం మీద ఆశ లేదు. దానికున్నది హార్మోను తొందర. ఆపరేషన్ తర్వాత ఆ హార్మోన్లు తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. అది తెలియక రెండో వారంలో తాయెత్తు కడితే, ఐదో వారంలో పేరు తాయెత్తుకే వస్తుంది. చేయకుండా వదిలేస్తే జంటగా కొన్నవి దాదాపు 31 రోజులకు ఒకసారి ఈనగలవు. ఆ పిల్లలు ఎక్కడికి పోతున్నాయో ఉసురు గురించి భయపడేవాళ్లు ఆలోచించాలి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టే మాట ఒకటుంది. పెంచిన కుందేలు చచ్చిపోతే, ఇంటికొచ్చే కీడును అది తీసుకుపోయిందంటారు. ఓదార్పు కోసం అనే మాటే, అనేవాళ్ల మీద నాకు కోపం లేదు. ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతకాల్సిన ప్రాణి రెండేళ్లకే పోయిందంటే ఎందుకో అడగకుండా చేస్తుంది ఆ మాట. తర్వాత తెచ్చిన కుందేలు కూడా అదే బోనులో, అదే మేతతో, నీళ్లు లేకుండా అలాగే పోతుంది. మన రాజ్యాంగంలోని 51ఎ అధికరణం జీవుల పట్ల కరుణనూ, శాస్త్రీయ దృక్పథాన్నీ పౌరుల బాధ్యతలుగా పక్కపక్కనే రాసింది. రెండూ 1976లో చేరినవే. కుందేలు విషయంలో ఒకటి లేకుండా రెండోది సాధ్యం కాదు.

బడి నుంచి వచ్చి కుందేలు ఏదని అడిగే పిల్లకు నిజం చెప్పొచ్చు. దాని పొట్ట కదలడం ఆగిపోయింది, ఆగబోతోందని ముందే తెలిసింది. పెంటికలు చిన్నవయ్యాయి, వెంట్రుకలతో దండ గుచ్చినట్టు వచ్చాయి, తర్వాత అసలు రాలేదు. కుందేలు వాంతి చేసుకోలేదు, లోపల ఆగింది ఆగినట్టే ఉంటుంది. పన్నెండు గంటలు ట్రేలో ఏమీ పడకపోతే, మేత ముట్టకపోతే, అది అత్యవసరం. తొందరగా తీసుకెళ్తే సెలైన్, నొప్పి మందు, సిరంజీతో మేత పెట్టి చాలావాటిని బతికించగలుగుతారు. కుందేళ్లకు వైద్యం చేసిన అనుభవం పశువైద్యులందరికీ ఉండదు. మీ ఊళ్లో ఎవరికుందో కుందేలు బాగున్నప్పుడే కనుక్కుని, ఆ నంబరు ఫ్రిజ్ తలుపు మీద అంటించండి.