త్రొక్కువారును తోడ్పడువారును

ఏ యుత్సవమునందైనను జనుల దృష్టి ముందు నడచువారిపైననే నిలుచుట సహజము. రథము కదలునపుడు మోకు పట్టి లాగువారి నందఱును చూతురు. చక్రము క్రింద కొయ్యదిమ్మ నొడుపుగా వేసి రథమును వీధి మలుపు త్రిప్పువానిని చూచువా రరుదు. పెండ్లిలో వరుని పేరు ఊరంతయు నెఱుగును. చివరి పంక్తి లేచువఱకు విస్తళ్ల నడుమ తిరిగి, పిదప తాను భుజించువాని పేరు పందిరి విప్పుటతోడనే మఱపునకు వచ్చును. సామాన్యవిషయములలో ఈ మఱపు వలన నంత హాని లేదు. ప్రాణాంతకమగు వ్యాధితో పోరాడుటకై జనులు కూడినపుడు మాత్రము ఇది హానికరమని మా యభిప్రాయము. ధర్మార్థము జరుగు సైకిలు యాత్ర నొకదాని నుదాహరణముగా గైకొని ఈ విషయమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మసాచుసెట్స్ రాష్ట్రమున ప్రతి సంవత్సరము ఆగస్టు మొదటి వారాంతమున పాన్ మాస్ ఛాలెంజ్ అను సైకిలు యాత్ర జరుగును. 1974లో చర్మపు క్యాన్సరు వలన తల్లిని గోల్పోయిన బిల్లీ స్టార్ అను నాతడు 1980లో దీనిని ప్రారంభించెను. ఆ మొదటి యేట స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమునుండి కేప్ కాడ్ కొననున్న ప్రావిన్స్‌టౌను వఱకు సైకిలు త్రొక్కినవారు 36 మంది. వారు కూర్చిన ధనము 10,200 డాలర్లు. ఆ ధనము బోస్టను నగరమందలి డేనా ఫార్బర్ క్యాన్సరు సంస్థకు చేరినది. నేడు ఆఱువేలకు పైబడిన జనులు ఆ యాత్రలో పాల్గొనుచున్నారు. 2024వ సంవత్సరముతో అది మొదటినుండి కూర్చిన ధనము మొత్తము నూఱుకోట్ల డాలర్లను మించినది.

ఈ సంఖ్యలను విన్నవా రెల్లరును త్రొక్కినవారిని మెచ్చుకొందురు. మెచ్చుకొనదగినవారే. స్టర్‌బ్రిడ్జి నుండి ప్రావిన్స్‌టౌను వఱకు దాదాపు 190 మైళ్ల దూరమును రెండు దినములలో, ఎండలో, ఎత్తుపల్లముల మీదుగా త్రొక్కుట సులభకార్యము కాదు. అంతేకాక ప్రతి సవారియు తాను ఇంత ధనము కూర్చెదనని ముందే మాట యీయవలెను. కూర్చలేనియెడల తక్కువపడిన దానిని తన చేతిసొమ్ముతో నింపవలెను. కాని ఆ రెండు దినములలో మూడువేలకు మించిన స్వచ్ఛంద సేవకులు దారి పొడుగునను నిలిచియుందురను సంగతి యెందఱు గమనింతురు? ఇద్దఱు సవారీలకు ఒక సేవకుడు చొప్పున లెక్క తేలుచున్నది.

వారు చేయు పనులను కొంచెము వివరింతము. సూర్యోదయమునకు ముందే వచ్చి బల్లలు వేయువారు, మంచుగడ్డలు పగులగొట్టువారు, అరటిపండ్లు, నారింజలు కోసి పళ్లెరములలో నుంచువారు కొందఱు. కూడలులలో నిలిచి వాహనముల నాపి దారి చూపువారు కొందఱు. పంక్చరయిన ట్యూబు మార్చి, తెగిన చెయిను అతికి, వదులైన బ్రేకు బిగించువారు కొందఱు. సవారీల మూటలను బండ్ల కెక్కించి, రాత్రి బసయగు బోర్న్ పట్టణపు నావికా విద్యాలయమునకు వారికంటె ముందే చేర్చువారు కొందఱు. కండరములు పట్టుకొన్నవారికి మర్దన చేయు నిపుణులు, సొమ్మసిల్లినవారిని చూచు వైద్యులు, దాదులు మఱికొందఱు. అందఱును వెడలిపోయిన పిమ్మట చెత్త యెత్తి, బల్లలు మడిచి, ఆ స్థలమును మునుపటివలె చేసి పోవువారు కడపటివారు. మన గ్రామములలో వేసవియందు బాటసారులకై చలివేంద్రము పెట్టుట అనాదిగా నున్న ఆచారము. ఈ సేవకులు నడుపునవి చలివేంద్రములే యని చెప్పినచో మన కీ విషయము సులభముగా బోధపడును.

నీళ్లిచ్చుట యెవరైనను చేయగల పని యని కొందఱు తలతురు. అది సరికాదు. ఎండలో పలుగంటలు శ్రమించిన దేహమునుండి చెమటతోపాటు ఉప్పును పోవును. ఉప్పు చేర్చక వట్టి నీటినే అతిగా త్రాగించినచో రక్తములోని సోడియము పలుచబడి, తలనొప్పి, వాంతి, మతిభ్రమ కలిగి, ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు వాటిల్లును. నీ రసలే చాలనిచో వడదెబ్బ తగులును. కావున వచ్చినవాని మొగము చూచి, మాట తడబడుచున్నదా, నడక తూలుచున్నదా యని కనిపెట్టి, నీడన కూర్చుండబెట్టవలసినదెవరినో, ఉప్పు కలిపిన పానీయ మీయవలసినదెవరికో, వైద్యుని పిలువవలసినదెప్పుడో తెలిసియుండవలెను. ఇది నేర్చుకొనదగిన విద్య. దీనికి తోడు సేవకునికి ఓర్పు కావలెను. మొదట వచ్చు బలశాలులు నిలువక పోవుదురు. కడపట వచ్చువారికే సేవకుని యవసరము హెచ్చు. ఆ కడపటివారిలో వ్యాధినుండి కోలుకొన్నవారును, ఇంకను చికిత్స పొందుచున్నవారును ఉండవచ్చును. మధ్యాహ్నమయినది, ఇక నెవరును రారని బల్ల మడిచివేసిన సేవకుడు ఎవరికై ఆ యాత్ర పుట్టినదో వారికే ద్రోహము చేసినవాడగును.

ఇక ధనవిషయము. 2007వ సంవత్సరమునుండి ఈ యాత్రలో సవారీలు కూర్చిన ప్రతి డాలరును పూర్తిగా ఆ క్యాన్సరు సంస్థకే చేర్చుచున్నారు. యాత్ర ఖర్చులను దాతలగు వ్యాపారసంస్థల సాయముతోను, ప్రవేశరుసుములు మొదలగు వేఱు ఆదాయములతోను నడుపుదురు. మూడువేలమంది పనికిని రెండు దినముల కూలి యీయవలసివచ్చినచో ఈ యేర్పాటు నిలుచునా యని చదువరులు తామే గణితము వేసి చూచుకొందురు గాక. సేవకుని శ్రమ జమాఖర్చుల పుస్తకములో నొక పంక్తిగా కనబడదు. కాని దాత ఇచ్చిన రూపాయి నడుమ తరుగక రోగి మంచము వఱకు పోవుటకు కారణమైనవాటిలో నది యొకటి. అందువలననే ఇట్టి సేవను ‘ఉడుతాభక్తి’ యనుట మాకు సమ్మతము కాదు. ఉడుత తెచ్చిన యిసుక లేకున్నను వారధి నిలిచెడిదే. ఈ సేవకులు లేనిచో వారధియే లేదు.

ఇచ్చట నొక యాక్షేపణము కలదు. ధనమే కావలసినచో ఈ త్రొక్కుటలు, రంగుచొక్కాలు, ఛాయాచిత్రములు ఎందులకు, ఇంటివద్ద కూర్చుండియే ఈయరాదా యని కొందఱందురు. ఇందులో కొంత సత్యము లేకపోలేదు. ధర్మము పేర తమ్ము ప్రదర్శించుకొనువారు అన్ని దేశములందును గలరు. కాని మానవస్వభావమును విడిచి మాటలాడరాదు. ఊరక ఈయుమన్న చేయి చాపనివాడును, తనకు తెలిసినవాడు శ్రమకోర్చి యడిగినపుడు ఇచ్చును. ఒక్కొక్క సవారి తన బంధువులను, మిత్రులను, తోడి ఉద్యోగులను అడుగుచు పోవుటచేతనే 36 మందితో మొదలైనది వేలకు ప్రాకినది. ప్రదర్శనమా, సేవయా యను పరీక్షకు మాకు తోచిన గీటురాళ్లు రెండు. కూర్చిన ధనము సంపూర్ణముగా చేరవలసినచోటికి చేరుచున్నదా? ఎవరును చూడని పనికి మనుష్యులు దొరకుచున్నారా? రెండవదానికి లేదను సమాధానము వచ్చినచో ఆ యుత్సవము ఎంత ఘనముగా జరిగినను వట్టి జాతర యని యెంచవలసినదే.

ఈ యాత్ర దూరదేశపు సంగతి. మనకు దానితో నేమి సంబంధమని యడుగువారికి ఒక తెలుగువాని పేరు చెప్పవలసియున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, పిదప బోస్టను నగరమునకు పోయిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుకొనుచు, పొట్టకూటికై పీటర్ బెంట్ బ్రిగం ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేసిరి. రోగుల మలమూత్రపాత్రలను శుభ్రపఱచుటయు ఆ పనిలోనిదే. ఉత్తరోత్తర లెడర్లీ పరిశోధనాలయమున ఆయన నాయకత్వము క్రింద ఫోలిక్ ఆమ్లమును, దానికి విరుద్ధముగా పనిచేయు అమినాప్టెరిన్, మెతోట్రెక్సేట్ అను మందులను రూపొందించిరి. బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరినును రక్తపు క్యాన్సరుతో బాధపడు పిల్లల కిచ్చి, 16 మందిలో 10 మందికి తాత్కాలికముగానైనను గుణము కనబడినదని 1948 జూనులో ప్రకటించెను. అంతకుముందు ఆ వ్యాధి సోకిన శిశువును రక్షించుటకు మందు లేకుండెను. నేడు వైద్యవసతులు చక్కగానున్న దేశములలో పిల్లలకు వచ్చు ఆ రక్తపు క్యాన్సరులో ముఖ్యమైన రకము సోకినవారిలో సుమారు 90 శాతము మంది బ్రదుకుచున్నారు. మెతోట్రెక్సేట్ ఇప్పటికిని ఆ చికిత్సలో వాడబడుచునేయున్నది.

సుబ్బారావుగారు 1948 ఆగస్టులో దివంగతులైరి. ఫార్బరుగారి పేరు ఆ సంస్థకే నిలిచినది. తెర వెనుక మందు నందించిన సుబ్బారావుగారి పేరు మన విద్యార్థులలోనే పలువు రెఱుగరు. ఆ సైకిలు యాత్ర ధనము చేరు సంస్థయు, ఆయన రాత్రులు పనిచేసిన ఆసుపత్రియు బోస్టనులో నొకే పేటలో నున్నవి. కనబడని సేవకు విలువ యెంతయని సందేహించువారికి ఇంతకుమించిన నిదర్శనమును మేము చూపజాలము.

మన ప్రాంతములలో ఈ వ్యాధి స్థితిని గూర్చి రెండు మాటలు. మన దేశమున అధికసంఖ్యాకులగు రోగులు వ్యాధి ముదిరిన పిమ్మట గాని ఆసుపత్రికి రారు. భయము కొంత, బీదరికము కొంత, ఇది అంటువ్యాధి యను తప్పుడు నమ్మకము కొంత ఇందుకు కారణములు. మన కోస్తా ప్రాంతమున, విశేషించి శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో, చుట్ట మండుచున్న కొనను నోటిలో నుంచుకొని ‘అడ్డపొగ’ త్రాగు అలవాటు స్త్రీలయందు చిరకాలముగా నున్నది. దాని వేడిమియు పొగయు తగులుటచేత అంగిటి క్యాన్సరు కలుగుచున్నది. హైదరాబాదులో 1955లో స్థాపింపబడిన ఎం.ఎన్.జె. సంస్థకును, విశాఖపట్టణమందలి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రికిని దూరగ్రామములనుండి వచ్చు రోగులకు మందుతోపాటు మనుష్యుని తోడును కావలెను. చీటీ చదివి ఏ గదికి పోవలెనో చెప్పువాడు, వరుసలో నిలువలేని ముసలమ్మకు కూర్చుండుటకు చోటు చూపువాడు, వెంట వచ్చినవారికి గ్రుక్కెడు నీ రందించువాడు కావలెను.

మన పట్టణములలోను ఇట్టి సైకిలు యాత్రలు జరుపదగునని మా నమ్మకము. అయితే త్రొక్కుటకు పేర్లు వ్రాసికొనుటకు ముందు తోడ్పడువారి పట్టికను సిద్ధపఱచవలెను. ఎన్ని మైళ్ల కొక చలివేంద్రము, ప్రతిదానియందు ఎందఱు, సైకిలు బాగుచేయువా రెచ్చట, సొమ్మసిల్లినవానిని చేర్చు బండి యెచ్చట, కడపటివాడు వచ్చువఱకు నిలుచువా రెవరు అని వ్రాసికొనిన తరువాతనే దినము నిర్ణయింపవలెను. దారిలోని ప్రతి గ్రామమునందును కొంచెమాగి ఇది అంటువ్యాధి కాదనియు, నోటిలో మానని పుండు, తెల్లని మచ్చ, కారణము తెలియని గడ్డ కనబడినచో జాగు చేయరాదనియు చెప్పినయెడల ఆ యాత్ర ధనముకంటె గొప్ప మేలు చేయగలదు. రక్తదానమునకు పదునెనిమిదేండ్లు నిండియుండవలెను గనుక చిన్నవారు తొందరపడవలదు. వారు చేయగల పనులు పైన కావలసినన్ని చెప్పితిమి. ఆసుపత్రిలో సేవకు పోవువారు చేతులు శుభ్రముగా కడుగుకొనియే రోగులను సమీపింపవలెను. జలుబు, జ్వరము ఉన్ననాడు పోరాదు. క్యాన్సరు మందులు రక్తములోని తెల్లకణములను తగ్గించును గాన, మనకు చిన్నదైన జలుబు వారికి పెద్ద కీడు కావచ్చును.

పాఠశాలల యధికారులకును ఒక మనవి. క్రీడోత్సవముల యందు పరుగెత్తి గెలిచినవానికి బహుమాన మిత్తుము. తెల్లవాఱకముందే వచ్చి సున్నముతో గీతలు గీసినవానికి, మోకాలు చీరుకొన్నవానికి కట్టు కట్టినవానికి, అందఱు పోయిన పిమ్మట కుర్చీలు లోపల పెట్టినవానికి ఏమియు లేదు. బాలుడు ఏది మెచ్చుకొనబడునో దానినే నేర్చును. సంవత్సరమున కొక్కమాఱైనను ఇట్టివారి పేర్లను సభలో చదివినచో, వ్యాధిగ్రస్తుల పక్కన నిలువగల మనుష్యులు మన తరగతులనుండియే తయారగుదురు.

విద్యార్థులారా! మీలో సైకిలు త్రొక్కగలవారు త్రొక్కుడు. కాలిలో బలమున్నంతవఱకు త్రొక్కుడు. అది లేనివారు, అంతకంటె ముఖ్యముగా అది యుండియు మనసు గలవారు, దారి ప్రక్కన కడవతో నిలువుడు. కడపటివాడు వచ్చి నీరు త్రాగి పోవువఱకు ఆ కడవను దించకుడు.